ఆలన్ ట్యూరింగ్ – యంత్ర జ్ఞాపకము

గ్రంథాలయములో ప్రబంధము చదువుతున్న విద్యార్థిని ఊహించుకుందాము. పద్యము బోధపడక, అక్కడ గుర్తు పెట్టి వ్యాఖ్యానము తెరుస్తాడు. వ్యాఖ్యానములో ఒక పదము తెలియక, అక్కడా గుర్తు పెట్టి నిఘంటువు తెరుస్తాడు. చివర తెరచినదానిని ముందుగా మూసి, క్రమముగా వెనుకకు వస్తాడు. కంప్యూటరూ ఇట్లే ఒక పని మధ్యలో మరొక పనికి పోయి తిరిగి వస్తుంది. ఆ గుర్తుల దొంతరకే స్టాక్ అని పేరు. ఈ భావమును తొలినాళ్ళలోనే కాగితముపై పెట్టిన మేధావి ఆలన్ ట్యూరింగ్.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించాడు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో సివిల్ సర్వీసు అధికారి. ఆయన పనిచేసిన ఛత్రపురము నాటి గంజాం జిల్లాలోనిది. మాతామహుడు మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. తల్లిదండ్రులు ఇక్కడ ఉండగా, బాలుని పెంపకము చాలవరకు ఇంగ్లండులో పరుల ఇంట జరిగింది.

కేంబ్రిడ్జిలో గణితము అభ్యసించి, 1936లో ఒక ఊహాయంత్రమును వర్ణించాడు. దాని జ్ఞాపకము అంతులేని పట్టీ. రెండవ ప్రపంచయుద్ధములో బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్యలిపిని ఛేదించుటలో ప్రముఖపాత్ర వహించాడు.

1945లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో చేరి, నిజమైన యంత్రమునకు ప్రణాళిక రచించాడు. ఊహలో అనంతమైన జ్ఞాపకమును ఇప్పుడు లెక్కించి కొనవలసి వచ్చింది. సుమారు వేయి అంకెలు పట్టే పాదరసపు గొట్టాలు 50 నుండి 500 వరకు కావాలన్నాడు. తిరిగి రావలసిన చోటును ‘పాతిపెట్టుట’, ‘వెలికితీయుట’ అనే ఆజ్ఞలను కూడా అందులోనే నిర్వచించాడు. యంత్రభాగాలు తక్కువైనా సరే, జ్ఞాపకస్థలము విశాలముగా ఉండాలన్నది ఆయన పట్టు. కాని పని నత్తనడక నడిచింది. ముందు చిన్నయంత్రము చాలునన్న వాదము నెగ్గింది. విసిగిన ట్యూరింగ్ 1948లో మాంచెస్టరు చేరాడు. ఆ చిన్నయంత్రము 1950 మే 10న తొలిసారి పనిచేసింది. దాని జ్ఞాపకము ఆయన కోరినదానిలో అల్పభాగము.

1952లో స్వలింగ సంబంధమును నేరముగా ఎంచిన నాటి చట్టము ఆయనను శిక్షించింది. 1954 జూన్ 7న, 41వ ఏట మరణించాడు. రాజక్షమాపణ లభించినది 2013లో.

ఆయన ఎదుర్కొన్న వివాదము మాత్రము సమసిపోలేదు. ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయ వంటిది కెర్నెల్. ప్రతి పనికీ అందులో ప్రత్యేకముగా ఒక స్టాక్ ఉంటుంది. లినక్స్ కెర్నెల్ నిర్మాతలు 2004 ప్రాంతములో అది 8 కిలోబైట్లు ఉండాలా, 4 చాలునా అని తర్కించారు. ఒక్కొక్క పాఠకునికి పెద్దబల్ల వేస్తే గదిలో పట్టేవారు కొద్దిమందే. కనుక పనులు వేలకొలదిగా ఉన్నప్పుడు పొదుపు అవసరమని ఒక పక్షము వాదించింది. చిన్నబల్లపై నాలుగో పుస్తకము పెడితే పొరుగువాని కాగితాలు చెదరుతాయి. అట్లే స్టాక్ పొంగితే పక్కనున్న సమాచారము నశిస్తుందని రెండవ పక్షము బదులు చెప్పింది. చివరకు 2014లో 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రములకు దానిని 8 నుండి 16కు పెంచారు.

పొదుపు సద్గుణమే. అయితే అవసరము ఎంత లోతో తెలియక గీసిన హద్దు పొదుపు కానేరదని మేము భావిస్తున్నాము. కొలత నిర్ణయించే ముందు పనిని సాంతము పరిశీలించుట ట్యూరింగ్ మార్గము. మన విద్యార్థులు ఆయన జీవితము నుండి గ్రహించవలసినది అదే.