రైతు గోడును తెరకెక్కించిన రామబ్రహ్మం

తెలుగు తెరపై పురాణ కథలదే రాజ్యంగా ఉన్న రోజుల్లో పల్లె బతుకును చిత్రాలుగా మలచిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం మన కృష్ణా జిల్లా వాసి. 1902లో నందమూరులో జన్మించారు. ‘ప్రజామిత్ర’ పత్రికకు సంపాదకులుగా పనిచేసి, చిత్రరంగంలో ప్రవేశించారు.

1938లో ‘మాలపిల్ల’ తీశారు. అంటరానిదని దూరం పెట్టిన కులంలోని యువతిని బ్రాహ్మణ యువకుడు ప్రేమించిన కథ అది. చలం కథకు తాపీ ధర్మారావు చేత వాడుక భాషలో సంభాషణలు రాయించారు. అక్షరం రానివారికి సైతం మాట మాటా అర్థమైంది.

మరుసటి ఏడాది ‘రైతుబిడ్డ’ వచ్చింది. అప్పుల్లో ఉన్న చిన్న రైతు జమీందారు మనిషిని కాదని రైతుల అభ్యర్థికి ఓటు వేసి కష్టాల పాలవుతాడు. ఆ పాత్రకు నాటకరంగ దిగ్గజం బళ్లారి రాఘవను తీసుకున్నారు. కొసరాజు చేత పాటలు రాయించారు.

విశేషమేమంటే, ఈ చిత్రాలు నిర్మించిన సారథి సంస్థకు అండగా నిలిచింది చల్లపల్లి జమీందారే. బొబ్బిలి, వెంకటగిరి జమీందారులు మాత్రం ‘రైతుబిడ్డ’పై మండిపడ్డారు. కొన్నిచోట్ల చిత్రం నిషేధానికి గురైంది. సొమ్ము జమీందారుదైనా రామబ్రహ్మం కథను రైతు వైపే నడిపారు.

‘పల్నాటి యుద్ధం’ పూర్తికాకుండానే 1946లో కన్నుమూశారు. మిగిలిన చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఆ రోజును చూసే భాగ్యం ‘రైతుబిడ్డ’ దర్శకునికి దక్కలేదు.