రక్షక కణాల ద్రష్ట మెచ్నికోవ్

ఒకే ఇంట అంటువ్యాధి ప్రవేశించినప్పుడు కొందరు దానికి లోబడతారు. మరికొందరు తట్టుకొని నిలబడతారు. మశూచి సోకి కోలుకొన్నవారికి మళ్లీ ఆ వ్యాధి రాదన్న సత్యం పూర్వులకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆ రక్షణకు కారణమేమిటో మాత్రం పంతొమ్మిదో శతాబ్ది చివరి వరకు స్పష్టం కాలేదు. శరీరంలోని సజీవ కణాలే రోగక్రిములతో పోరాడతాయని ప్రయోగపూర్వకంగా చూపి, రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్.

ఆయన 1845 మే నెలలో నాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ ప్రాంతంలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి సైనికాధికారి, తల్లి యూదు వంశీయురాలు. బాల్యం నుంచే ప్రకృతి శాస్త్రంపై మక్కువ పెంచుకొన్న మెచ్నికోవ్, ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువును రెండేళ్లలోనే ముగించాడు. అనంతరం జర్మనీ, ఇటలీ దేశాలలో సముద్రజీవుల పిండాభివృద్ధిని పరిశీలించాడు. 1870లో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని స్వీకరించాడు.

విద్యలో లభించిన విజయం ఆయనకు గృహజీవితంలో లభించలేదు. 1869లో ఆయన లుద్మీలాను వివాహమాడాడు. అప్పటికే ఆమె క్షయవ్యాధి పీడితురాలు. పెళ్లినాడు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసుకొని వెళ్లవలసి వచ్చింది. ఎన్ని ఉపచారాలు చేసినా ఫలితం లేక 1873లో ఆమె మదీరా ద్వీపంలో కన్నుమూసింది. ఆ దుఃఖాన్ని భరించలేక మెచ్నికోవ్ ప్రాణత్యాగానికి యత్నించి, అదృష్టవశాత్తు బతికాడు. 1875లో ఓల్గాను పెండ్లాడాడు. కొన్నేళ్లకు ఆమెకూ టైఫాయిడ్ జ్వరం సోకి ప్రాణాపాయం కలిగింది. మరోవైపు రాజకీయ కల్లోలం విశ్వవిద్యాలయాన్ని అశాంతిలో ముంచింది. నిస్పృహ చెందిన ఆయన మరొక జ్వరపు క్రిములను తన దేహంలోకే ఎక్కించుకొన్నాడు. తీవ్రంగా జబ్బుపడి, చివరకు కోలుకొన్నాడు. ఆ తరువాత ఆయనకు జీవితంపై కొత్త అనురక్తి కలిగింది.

1882లో ఆచార్య పదవికి రాజీనామా చేసి, కుటుంబంతో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరం చేరాడు. ఒకనాడు ఇంటివారంతా సర్కస్‌లో కోతుల విన్యాసాలు చూడబోగా, ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. పారదర్శకమైన నక్షత్రచేప డింభకంలో సంచరించే కణాలను గమనిస్తుండగా ఒక ఆలోచన మెరిసింది. ఆహారాన్ని జీర్ణం చేసుకొనే ఇటువంటి కణాలు, బయటి నుంచి చొరబడిన శత్రువును కూడా ఎదుర్కొంటాయేమో! వెంటనే తోటలోని గులాబీ ముళ్లు తెచ్చి డింభకాల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే, కణాలు గుంపులుగా చేరి ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి.

ఆ కణాలకే భక్షక కణాలని పేరు వచ్చింది. మన రక్తంలోని కొన్ని రకాల తెల్లకణాలు ఈ వర్గానికి చెందినవే. 1884లో ఆయన డాఫ్నియా అనే చిన్న నీటి జీవిలో మరొక విశేషాన్ని ప్రకటించాడు. దాని దేహంలో ప్రవేశించిన శిలీంధ్ర బీజాలను కణాలు మింగి నశింపజేస్తే ఆ జీవి బతుకుతుంది. కణాలు ఓడిపోతే అది మరణిస్తుంది.

1886లో ఒడెస్సాలో నెలకొల్పిన సూక్ష్మజీవశాస్త్ర సంస్థకు ఆయన అధిపతి అయ్యాడు. ఆయన వైద్యుడు కాడన్న కారణంతో స్థానిక వైద్యులు ఎదురుతిరిగారు. విసుగుచెంది 1888లో పారిస్ చేరగా, లూయీ పాశ్చర్ తన సంస్థలో ఆయనకు ప్రయోగశాలను కేటాయించాడు. జీవితాంతం ఆయన అక్కడే పనిచేశాడు. ఒడెస్సాలో ఆయన వద్ద చదివిన హాఫ్కిన్ 1892లో ఆ సంస్థలోనే కలరా టీకాను రూపొందించి, మరుసటి ఏడాది భారతదేశానికి వచ్చి వేలాది ప్రజలకు వేశాడు.

మెచ్నికోవ్ సిద్ధాంతాన్ని జర్మన్ పండితులు అంగీకరించలేదు. 1890లో బెరింగ్, కితసాతో ధనుర్వాత, కంఠసర్పి రోగాల విషాన్ని విరిచే పదార్థాలు రక్తరసిలో ఉన్నాయని నిరూపించారు. దానితో రక్షణ కణాలదా, రసాలదా అన్న వాదం చెలరేగింది. మెచ్నికోవ్ ప్రతి విమర్శకూ ప్రయోగంతోనే సమాధానం చెప్పాడు. రక్తంలోని కొన్ని పదార్థాలు క్రిములకు అంటుకొని, వాటిని కణాలు సులువుగా మింగేలా చేస్తాయని 1903లో ఇంగ్లండులో రైట్ బృందం కనుగొన్నది. రెండు పక్షాలలోనూ సత్యమున్నదని తేలింది. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కూ, రసవాద పక్షానికి చెందిన ఎర్లిక్‌కూ కలిపి ఇవ్వడం ఎంతో సముచితం.

సహచరుడు రూతో కలిసి ఆయన 1903లో సిఫిలిస్ వ్యాధిని చింపాంజీకి సోకించి, మానవ వ్యాధులను వానరాలలో పరిశీలించే మార్గాన్ని చూపాడు. వార్ధక్యాన్ని కూడా అధ్యయనం చేసి, పులిసిన పాలు దీర్ఘాయువునిస్తాయని విశ్వసించాడు. 1916 జూలై 15న పారిస్‌లో మరణించాడు. ఆయన చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలోనే భద్రపరిచారు.

1983లో ఎయిడ్స్ కారక వైరస్‌ను గుర్తించింది కూడా ఆ సంస్థలోనే. ఆ వైరస్ రక్షణ వ్యవస్థను నడిపించే టి-కణాలనే నాశనం చేస్తుంది. ఇవి మెచ్నికోవ్ చూసిన భక్షక కణాలు కావు. అయినా కణాలే దేహాన్ని కాపాడతాయన్న ఆయన భావనకు ఇవి కొత్త నిదర్శనం. టీకాతో టి-కణాలను మేల్కొలిపే యత్నం మనుషులలో విఫలమై, 2007లో ఒక పెద్ద పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. 2011లో ప్రకటితమైన ప్రయోగంలో మాత్రం మరొక విధమైన టీకా పొందిన రీసస్ కోతులలో దాదాపు సగం, తమకు సోకిన వానర వైరస్‌ను అదుపు చేయగలిగాయి. మనిషికి అటువంటి టీకా ఇంకా లభించలేదు. అన్వేషణ సాగుతూనే ఉంది.

బతుకుపై విరక్తితో రెండుమార్లు మృత్యువును కోరిన ఆ మనిషే, ప్రాణిలోని అతి చిన్న కణం కూడా ప్రాణరక్షణకై అలుపెరుగక పోరాడుతుందని లోకానికి చూపాడు. నిరాశను జయించి, విమర్శకు సాక్ష్యంతో బదులు చెప్పిన మెచ్నికోవ్ జీవితం విద్యార్థులకు సదా స్ఫూర్తిదాయకం.