మన్రో దొర, మా తాత నోట్‌బుక్, ఒక నల్ల గీత

మా ఊరు పత్తికొండ. హాస్టల్లో ఊరి పేరు చెప్తే కొందరికి టమాటా మార్కెట్ గుర్తొస్తుంది. ఇంకొందరు తొలకరి వానలకు వజ్రాలు దొరికే జొన్నగిరి మీ పక్కనే కదా అని అడుగుతారు. ఒక మద్రాసు గవర్నర్ మా ఊళ్లోనే చనిపోయాడంటే మాత్రం ఎవరూ నమ్మరు. ఆయన పేరు సర్ థామస్ మన్రో. నిజం చెప్పాలంటే ఆయన గురించి రాయాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక స్కానర్ సతాయించడం వల్ల ఇదంతా మొదలైంది.

మా తాత రిటైర్డ్ టీచర్. మన్రో గురించి దొరికిన పుస్తకమల్లా చదివి, ఆయన జీవితాన్ని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నీలం సిరాతో రాసుకున్నాడు. మార్జిన్లలో పెన్సిల్‌తో ఏవో గుర్తులు. ఇప్పుడు తాతకు చూపు బాగా తగ్గింది. సెలవులకు ఇంటికెళ్తే ఆ నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూపించమన్నాడు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు చేతిరాత కూడబలుక్కుని చదువుతా. చదివే పని లేకుండా స్కాన్ చేసి ఇచ్చేద్దామనుకున్నా.

కుట్లు ఊడిపోయి కాగితాలు ఎలాగూ విడిగా ఉన్నాయి. వాటిని ఫీడర్‌లో పెట్టా. ప్రతి పేజీలో పైనుంచి కిందికి ఒకే చోట ఒక నల్ల గీత వచ్చింది. అది సరిగ్గా మన్రో పుట్టిన సంవత్సరం మీద పడింది. సెట్టింగులన్నీ మార్చి చూశా, పోలేదు. చివరికి అదే పేజీని పెద్ద అద్దం మీద బోర్లించి స్కాన్ చేస్తే గీత లేదు. అంటే తప్పు కాగితానిది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ఫీడర్‌లో కాగితం ఒక సన్నటి అద్దం పట్టీ మీదుగా జారిపోతుంది. ఆ పట్టీ మీద ఒక్క చుక్క మురికి ఉన్నా, కాగితం కదిలినంత పొడవునా అది గీతై కూర్చుంటుంది. మెత్తటి గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిస్తే గీత మాయమైంది. స్పిరిట్ గుడ్డకే అద్దాలి, అద్దం మీద నేరుగా పోయకూడదు.

గీత పోయాక సంవత్సరం కనిపించింది. 1761. మన్రో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం మునిగింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది, నాకంటే ఒక ఏడాది తక్కువ. కొంచెం చెవుడు కూడా ఉండేది. వచ్చిన ఏడే హైదర్ అలీతో యుద్ధం. 1792 తర్వాత ఇప్పటి సేలం, ధర్మపురి వైపున్న బారామహల్‌లో శిస్తు పని నేర్చుకున్నాడు. 1799లో కెనరాకు వెళ్లాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాడు. అవే దత్తమండలాలు, ఇప్పుడు మనం రాయలసీమ అంటున్న ప్రాంతంలో చాలా భాగం. వాటికి మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్ అయ్యాడు. ఉండేది అనంతపురంలో అన్నమాటే గానీ, గుడారాలు వేసుకుని ఊరూరా తిరగడమే ఎక్కువ.

రెండో సమస్య, కాగితం వెనకవైపు రాత ముందుకు కనబడటం. సిరా పల్చటి కాగితంలోకి దిగింది. స్కానర్ మూతకు లోపల తెల్ల రంగు ఉంటుంది కాబట్టి వెలుతురు దానికి తగిలి తిరిగొచ్చి, వెనక పేజీని కూడా చూపిస్తుంది. కాగితం వెనక ఒక నల్ల చార్టు ముక్క పెడితే చాలావరకు తగ్గింది.

ఆ పేజీలో సర్వే గురించి ఉంది. 1802లో మన్రో పొలాలన్నిటినీ కొలిపించడం మొదలుపెట్టాడు. గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు ఉంటే అది ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. మా పొలం లెక్క చెప్పేటప్పుడు నాన్న వాడే గుంట ఇదే. కొలిచినవాళ్ల లెక్కను పైవాళ్లు మళ్లీ కొలిచి సరిచూసేవాళ్లు. తర్వాత భూమి రకాన్ని బట్టి శిస్తు కట్టేవాళ్లు. మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి అది. అయితే అన్నీ కొలిచాక, 1807లో, శిస్తు రైతు మోయలేనంతగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని మన్రో సిఫార్సు చేశాడు. కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. ఊళ్లకు ఊళ్లే కౌలుకిచ్చింది. 1820లో తనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ తగ్గించిన రేట్లతో రైత్వారీ మళ్లీ రాలేదు.

నోట్‌బుక్‌లో అంటించిన ఒక పేపర్ బొమ్మతో ఇంకో తలనొప్పి. చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర మన్రో గుర్రం మీదున్న విగ్రహం అది. గుర్రానికి రికాబులు ఉండవు. స్కాన్‌లో బొమ్మ నిండా అలల్లాంటి చారలు. అచ్చులోని చుక్కలూ స్కానర్ చుక్కలూ ఒకదానికొకటి అడ్డం పడితే ఇలా అవుతుంది. డీస్క్రీన్ అనే ఆప్షన్ పెడితే సర్దుకుంది.

అంతా అయిపోయిందనుకుని, ఫైలు చిన్నగా ఉండాలని బ్లాక్ అండ్ వైట్‌లో సేవ్ చేసి తాతకు చూపించా. తాత స్క్రీన్‌కు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. పెన్సిల్ రాత ఏదిరా అని అడిగాడు. చూస్తే మార్జిన్లన్నీ ఖాళీ.

బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో స్కానర్ ప్రతి చుక్కకూ ఒక హద్దు పెట్టుకుంటుంది. హద్దు కంటే నల్లగా ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. మధ్యలో ఏదీ ఉండదు. పల్చటి పెన్సిల్ మొత్తం తెలుపులో కలిసిపోయింది. అన్ని పేజీలూ మళ్లీ గ్రేలో, 400 డీపీఐలో, ఈసారి ఫీడర్ జోలికి పోకుండా అద్దం మీదే ఒక్కొక్కటీ చేశా. జేపెగ్ అక్షరాల చుట్టూ మరకలు చేస్తుందని, వొత్తులు చెడిపోతాయని, టిఫ్‌లో సేవ్ చేశా.

పెన్సిల్ తిరిగొచ్చింది. సిరాతో రాసిందంతా మంచి దొర కథ. మంత్రాలయం మఠం భూముల విచారణకు వెళ్తే రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించారని చెప్పుకునే కథ, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సంగతి, 1822లో బడుల లెక్క తీయమంటే రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలిన సంగతి, ఈ దేశస్తులు ఎప్పటికైనా తమను తాము పాలించుకోవాలని 1824 చివర్లో ఆయన రాసిన సంగతి. ఆ కథ పక్కన పెన్సిల్‌తో తెర్నేకల్లు. శిస్తు మీద తిరగబడ్డ ఆ ఊరి కోట మీదికి 1801లో కంపెనీ సైన్యం ఫిరంగులతో వచ్చింది. ముత్తుకూరు గౌడప్పను ఉరి తీశారు. మా పత్తికొండ వైపు ఊరే అది. అప్పుడు ఇక్కడి కలెక్టర్ కూడా మన్రోనే. పాలెగాళ్లను అణచిందీ ఆయన కాలంలోనే. ఆ రాత కింద తాత ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు.

చివరి పేజీ మా ఊరిది. 1827లో మన్రో సీమకు వెళ్లిపోవాలి. ఆయన భార్య జేన్ జబ్బుపడ్డ కొడుకును తీసుకుని అంతకు ముందు ఏడాదే వెళ్లిపోయింది. పోయేముందు దత్తమండలాలను ఇంకోసారి చూడాలని బయల్దేరాడు. దారిలో విడిదిలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. మా ఊళ్లో ఆయన పేరున సర్కారు చెట్ల తోపు వేసి, రాతిమెట్ల బావి కట్టించింది.

గ్రే ఫైలు పెద్దది చేసి చూపిస్తే తాత తన పెన్సిల్ రాతను తనే నెమ్మదిగా చదువుకున్నాడు. మన్రో మంచోడా, చెడ్డోడా అని అడిగా. బడిలో పిల్లలకు మంచోడనే చెప్పానని, ఇంటికొచ్చి పెన్సిల్‌తో రాసుకున్నానని చెప్పాడు. ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి ఆ పేజీ ఇంకొంచెం పెద్దది చేయమన్నాడు. చేశా. ఈ వ్యాసం ఆ రెండు రాతలూ కలిపి టైప్ చేసినదే.