తుఫాను బొమ్మ వేసిన జార్జోనే

ఇటలీలో వెనిస్ నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కాస్టెల్‌ఫ్రాంకో అనే ఊరుంది. దాదాపు 1477లో జార్జో అక్కడే పుట్టాడు. మనిషి భారీగా ఉండేవాడట, అందుకే జార్జోనే, అంటే పెద్ద జార్జి, అన్న పేరు నిలిచిపోయింది. పాత పత్రాల్లో మాత్రం అతను కాస్టెల్‌ఫ్రాంకో జార్జోయే. కొత్తగా ట్రాన్స్‌ఫరై వచ్చినవాళ్ళని మనమూ కొన్నాళ్ళు పాత ఊరి పేరుతోనే పిలుస్తాం కదా!

చిన్నతనంలోనే వెనిస్ చేరి, జొవాన్ని బెల్లీని అనే పెద్ద చిత్రకారుడి దగ్గర పని నేర్చుకున్నాడంటారు. పాట బాగా పాడేవాడని, వీణలాంటి లూట్ వాయించేవాడని కూడా చెబుతారు. 1508లో రియాల్టో వంతెన దగ్గరున్న జర్మన్ వర్తకుల భవనం గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. వాటి విలువ 150 డ్యూకాట్లని తోటి చిత్రకారులు తేల్చినా, చేతికొచ్చింది 130. వెనిస్ ఉప్పుగాలికి ఆ బొమ్మలు పెచ్చులూడిపోయి ఇప్పుడు ముక్కలే మిగిలాయి.

మాకు అన్నిటికన్నా నచ్చింది వెనిస్ అకాడెమియా మ్యూజియంలో ఉన్న 'తుఫాను'. గుడ్డ మీద నూనె రంగులతో వేసిన ఈ బొమ్మ ఎత్తు 82 సెంటీమీటర్లే. ఎడమవైపు పొడవాటి కర్ర పట్టుకుని ఒక యువకుడు నిలబడ్డాడు. కుడివైపు గడ్డి మీద ఒక తల్లి బిడ్డకు పాలిస్తూ సూటిగా మనవైపే చూస్తోంది. వాళ్ళ మధ్య ఒక వాగు, వెనక చెక్క వంతెన, ఊరు. ఆ ఊరిపైన నల్లమబ్బుల్లో మెరుపు మెరిసింది. ఆ మెరుపుని ఇద్దరిలో ఒక్కరూ చూడటం లేదు! అతను సైనికుడనీ, ఆమె దేశదిమ్మరి స్త్రీ అనీ 1530లో ఒకాయన రాసుకున్నాడు. ఆదాము అవ్వలని ఈ కాలం పండితులు కొందరంటారు. 1939లో ఎక్స్‌రే తీస్తే, యువకుడున్న చోట రంగు కింద నీటి ఒడ్డున కూర్చున్న మరో స్త్రీ కనబడింది. నూనె రంగులతో ఆ సదుపాయం ఉంది, వద్దనుకున్నదాని మీద మళ్ళీ వేయొచ్చు. ముందే కథ అనుకుని కాక, వేస్తూ వేస్తూ జార్జోనే ఈ బొమ్మని వెతుక్కున్నాడని మాకనిపిస్తుంది.

బొమ్మల మీద సంతకం చేసే అలవాటు అతనికి దాదాపు లేదు. అందుకే ఏది ఎవరిదన్న తగాదా ఇంకా తెగలేదు. పారిస్ లూవ్ర్‌లో ఉన్న, పచ్చికలో కూర్చుని సంగీతంలో మునిగినవాళ్ళ బొమ్మ చాలాకాలం జార్జోనేదిగా పేరుపొందింది. ఇప్పుడు ఎక్కువమంది అది అతనికన్నా చిన్నవాడైన టిషియన్‌దే అంటున్నారు.

1510లో వెనిస్‌లో ప్లేగు వచ్చింది. ముప్పై దాటి ఎంతోకాలం కాని జార్జోనే అందులో పోయాడు. ఆ సంగతి తెలియని మాంటువా రాణి ఇసబెల్లా, అతను వేసిన ఒక రాత్రి దృశ్యం కొనిపెట్టమని అక్టోబరులో వెనిస్‌కి ఉత్తరం రాసింది. జవాబు నవంబరులో వచ్చింది. చిత్రకారుడు ఇక లేడు, అలాంటి బొమ్మలు ఇద్దరి దగ్గరున్నాయి గానీ ఎంత ధర ఇస్తామన్నా వాళ్ళు అమ్మరని.