మార్లవాయిలో హైమన్‌డార్ఫ్

కుమ్రం భీం గురించి అడిగితే మన పిల్లలు జోడేఘాట్ దాకా చక్కగా చెప్తారు. 1940లో భీం నేలకొరిగాక ఆ గూడేల సంగతి ఏమైందంటే మాత్రం ఆగిపోతారు. హాస్టల్లో మేము ఇది చాలాసార్లు చూశాం. అందుకే ఈసారి క్రిస్టోఫ్ హైమన్‌డార్ఫ్ గురించి రాస్తున్నాం.

ఆయన 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. గిరిజనుల జీవితం మీద పరిశోధన చేసే పండితుడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి మన దేశంలో ఉన్నారు. జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో శత్రుదేశం మనిషిగా లెక్కగట్టి నిజాం రాజ్యంలోనే ఉండమన్నారు. ఆ కాలంలోనే చెంచులు, కొండరెడ్ల మధ్య తిరిగారు. జోడేఘాట్ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకునే పని నిజాం సర్కారు ఆయనకే అప్పజెప్పింది.

ఆయన, భార్య బెట్టీ ఆదిలాబాద్ అడవిలో మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. భూములు పోవడమే అసలు బాధ అని సర్కారుకు తేల్చి చెప్పారు. 1940ల చివరికి 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాల భూమి దక్కింది.

టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్లం కాబట్టి మాకు పట్టాల కంటే బడి సంగతే ఎక్కువ నచ్చుతుంది. గోండు పిల్లలకు చదువు చెప్పడానికి బయటి పంతుళ్లను తేవడం సులువు. ఆయన అలా చేయలేదు. 1943లో మార్లవాయిలోనే శిక్షణ కేంద్రం పెట్టించి గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించారు. అక్షరం ముక్క వచ్చినవాళ్లే అరుదైన రోజులవి. గోండీ మాటలను దేవనాగరి లిపిలో రాసి వాచకాలు అచ్చువేశారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే పుస్తకంలో కనబడితే పిల్లవాడికి ఎంత ధైర్యమో, ఇంట్లో గోర్ బోలి మాట్లాడి బడిలో నోరు మెదపని తండా పిల్లలను చూసే మాకు తెలుసు. అలా తయారైనవాళ్లలో కొందరు పట్వారీలు, అటవీ ఉద్యోగులు కూడా అయ్యారు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలవడానికీ ఆయనే కారణం. గిరిజనులు ఆఫీసుల చుట్టూ తిరగడం కాదు, అధికారులే జాతరకు వచ్చి కూర్చుని గోడు వినాలన్నది దాని పద్ధతి. నేటికీ జరుగుతోంది.

ఒక మాట దాచకూడదు. తరువాతి రోజుల్లో ఆదిలాబాద్‌లో గోండుల భూములు లంబాడాల చేతికి పోతున్నాయని ఆయన కఠినంగానే రాశారు. తండాల పిల్లలకు అది చేదుగా ఉంటుంది. అయినా చదవాలి, వాదించదలిస్తే చదివాకే వాదించాలి.

తన కొడుకును ఆయన మార్లవాయి పెద్ద లచ్చు పటేల్ పేరుతో పిలుచుకున్నారని ఆ ఊళ్లో చెప్తారు. తండ్రి తన బిడ్డకు ఎవరి పేరు పెడతాడో మనకు తెలియనిది కాదు.

1987 జనవరి 11న హైదరాబాద్‌లో బెట్టీ కన్నుమూస్తే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. అస్థికలు తరువాత మార్లవాయికి చేరి ఆమె పక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ పూలు పెట్టి తమ పెద్దలకు చేసినట్టే మొక్కుతారు.