బెలూచీల నడుమ సాండెమన్

పూర్వపు భారతదేశ పటములను పిల్లలకు చూపి పాఠము చెప్పిన ఉపాధ్యాయులకు, వాయవ్యపు మూలను అఫ్గన్ సరిహద్దునకు చేరువగా ఫోర్టు సాండెమన్ అను పేరు జ్ఞప్తికి రాగలదు. ఆ ఊరి తొలిపేరు అపోజై. 1976లో పాకిస్తాను ప్రభుత్వము దానికి ఝోబ్ అని పేరు పెట్టెను. అంతకుముందు ఆ పటములో నిలిచిన పేరు గలవాడు దండు నడిపి రాజ్యములు గెలిచిన సేనాని కాడు. దండు సాగిపోయిన త్రోవ వెనుక మూసికొనిపోకుండ కాచిన ఉద్యోగి. అందుల కతనికి ఉపకరించినవారు ఆ కొండల తెగనాయకులే.

రాబర్టు గ్రోవ్స్ సాండెమన్ 1835 ఫిబ్రవరి 25వ తేదీన స్కాట్లండులోని పెర్తు పట్టణమున జన్మించెను. తండ్రి కంపెనీ సైన్యమున అధికారి. కుమారుడును 1856లో బెంగాలు పదాతిదళమున చేరి, మరుసటి యేట చెలరేగిన మహావిప్లవ కాలమున లక్నో పోరాటములో పాల్గొని గాయపడెను. పిమ్మట సర్ జాన్ లారెన్సు అతనిని పంజాబు పరిపాలనోద్యోగమునకు తీసికొనెను. 1866లో అతడు డేరా గాజీఖాన్ జిల్లాకు డిప్యూటీ కమీషనరు అయ్యెను. అతని కథ నిజముగా ఇచ్చటనే మొదలగును.

డేరా గాజీఖాన్ సింధునదికి పడమట, నదికిని సులేమాను కొండలకును నడుమ పొడవుగా సాగిన జిల్లా. మైదానమునందలి మజారీ, లెఘారీ, గుర్చానీ మున్నగు బెలూచీ తెగలు ఆంగ్ల ప్రభుత్వమునకు లోబడి యుండిరి. కొండలలో మర్రీలును బుగ్తీలును ఉండిరి. వీరు పేరునకు కలాత్ ఖానుగారి ప్రజలు. నిజమునకు ఎవరి మాటయు వినువారు కారు. దిగివచ్చి పశువులను తోలుకొనిపోవుట, అడ్డము వచ్చినవానిని నరకుట వారికి పరిపాటి. పంజాబు ప్రభుత్వపు కట్టడి యేమనగా, ఉద్యోగి యెవ్వడును ఎల్ల దాటి కొండలలో అడుగు పెట్టరాదు. దోపిడి జరిగినచో ఆ తెగవారిని మైదానపు అంగళ్లకు రానీయరాదు. మితిమీరినచో దండును పంపి శిక్షించి మరలివచ్చుట. దండు మరలిన పిమ్మట కథ మొదటికే వచ్చుచుండెను.

1867 జనవరిలో గులాం హుస్సేను అను బుగ్తీ నాయకుడు వేయిమందికి పైగా మనుషులతో హర్రండు ప్రాంతముపై పడెను. గుర్చానీల నాయకుడు గులాం హైదరు తనవారితోను, కొలది సర్కారు రౌతులతోను ఎదుర్కొని ఆ దండును చెదరగొట్టెను. గులాం హుస్సేను కూలెను. పెక్కుమంది బందీలుగా చిక్కిరి. మరియొక అధికారి యైనచో వారిని చెరసాలకు పంపి, పైవారికి విజయవార్త వ్రాసి ఊరకుండును. సాండెమన్ బందీలను చక్కగా చూచుకొనుచు, వారికొరకు వచ్చి మాటాడవలసినదిగా మర్రీ, బుగ్తీ నాయకులకు కబురంపెను. వారు రాజన్‌పూరునకు వచ్చిరి. ఎల్ల కావలివైపు నాయకులు తనంత తాముగా వచ్చి ఒక ఆంగ్లోద్యోగి యెదుట కూర్చుండుట ఆ సీమకు క్రొత్త.

అచట కుదిరిన ఏర్పాటును కొంత వివరముగా చెప్పవలెను. తరువాతి పాతికేండ్ల పని యంతయు దాని విస్తరణమే. నాయకుడు తన తెగనుండి కొందరు రౌతులను ఏర్పరచును. సర్కారు వారికి జీతమిచ్చును. వారు కనుమలను కాయుదురు, టపాను చేర్తురు, దొంగను పట్టి తెత్తురు. పశువు పోయిన, దాని అడుగుజాడను వెదకుకొనుచు పోదురు. జాడ ఏ తెగ నేలలో అణగిపోవునో ఆ తెగయే నష్టము చెల్లింపవలెను. తెగకును తెగకును నడుమ పగ యున్న పెద్దల జిర్గా కూడును. ఇరుపక్షముల చచ్చినవారిని లెక్కించి, ఒకరి కొకరిని చెల్లువేసి, మిగిలినవారి ప్రాణమునకు వెల కట్టుదురు. హత్యకు హత్య కాక, హత్యకు పరిహారము. ఇది ఇంగ్లీషు చట్టము కాదు, బెలూచీల పాతమర్యాదయే. సాండెమన్ దానికి సర్కారు ఖజానాను, సర్కారు ముద్రను జోడించెను.

ఇంతటితో తృప్తి చెందక అతడు నియమమును మీరి, తెగల రౌతులే అంగరక్షకులుగా కొండలలోనికి పోయి తిరిగివచ్చెను. మజారీ నాయకుడు ఇమాంబక్షు ఖాను అతనికి కుడిభుజముగా నుండెను. బెలూచీల మనసు తెలిసికొనుటలో సాండెమన్‌కు గల నేర్పులో సగపాలు ఇమాంబక్షుది అనుట న్యాయము. అయినను పటములకెక్కినది ఒక్కని పేరే.

సింధురాష్ట్రపు అధికారులకు ఈ పద్ధతి గిట్టలేదు. కలాత్ ఖాను రాజు, సర్దారులు అతని ప్రజలు, ఖానును విడిచి సర్దారులతో ఒప్పందములు చేయుట తిరుగుబాటును పోషించుట యని కమీషనరు మెరివెదరు వాదించెను. కలాత్ నిజముగా రాజ్యము కాదు, తెగల కూటమి. ఖాను ఆ కూటమికి పెద్ద మాత్రమే యని సాండెమన్ వాదము. 1871 ఫిబ్రవరిలో మిఠన్‌కోటలో జరిగిన అధికారుల సమావేశము మర్రీ, బుగ్తీల వ్యవహారమును అతని చేతిలో నుంచెను గాని, కలాత్ తగవు తీరలేదు. ఖాను ఖుదాదాదునకును అతని సర్దారులకును పోరు ముదిరి బోలన్ కనుమలో వర్తకము నిలిచిపోయెను. 1875 నవంబరులో సాండెమన్ బెలూచీ నాయకులను, వారి రౌతులను వెంటబెట్టుకొని కలాత్‌కు బయలుదేరెను. వెనుకకు రమ్మని సింధునుండి ఆజ్ఞలు వచ్చినను సాగిపోయెను. పై ప్రభుత్వము తుదకు అతనినే సమర్థించెను. లేనిచో అతని ఉద్యోగము ఆ దారిలోనే ముగిసెడిది. రెండవ ప్రయాణమున, 1876 జూలైలో, మస్తుంగు దర్బారున ఖానును సర్దారులను సమాధానపరచెను. ఆ డిసెంబరులో జేకబాబాదున లిట్టన్ ప్రభువు సంధిపై సంతకము చేసెను. ఖానుకిచ్చు వార్షికము ఏబదివేల రూపాయలనుండి లక్షకు పెరిగెను. ఆంగ్లసేన క్వెట్టాలో నిలుచుటకు హక్కు లభించెను. 1877 ఫిబ్రవరిలో సాండెమన్ బెలూచిస్థానమున గవర్నరు జనరలు ఏజెంటు అయ్యెను.

మరుసటి యేడు అఫ్గన్ యుద్ధము వచ్చెను. కాందహారునకు పోవు సేన బోలన్ మార్గముననే పోవలెను. ఒంటెలు, గడ్డి, ధాన్యము, టపా — సమస్తమును తెగల సీమలగుండనే కదలవలెను. 1879 మేలో జరిగిన గండమక్ సంధివలన సిబీ, పిషీను ప్రాంతములు కూడ ఆంగ్లుల ఆధీనమునకు వచ్చి సాండెమన్ పాలన క్రిందికి చేరెను. పరీక్ష 1880 జూలై 27వ తేదీన వచ్చెను. ఆ దినమున మైవందు వద్ద ఆంగ్లసేన ఘోరముగా ఓడిపోయెను. ఓడిన దొర మాట కొండలలో చెల్లదని పలువురు తలచిరి. బోలన్ దారి వెంట బ్రాహుయీ సర్దారులు కట్టుబడి నిలిచిరి; దారి మూతపడలేదు. కాని హర్నాయి వైపు రైలుపని విడిచి మరలుచున్న వారిపై మర్రీలు పడి దోచిరి. వారినే గదా సాండెమన్ మొట్టమొదట చేరదీసినది! ఆ యేడే దండు వెళ్లి వారివద్ద అపరాధము వసూలు చేసెను. జీతమువలన వచ్చిన స్నేహమునకు ఎంత బలమో, ఎంత హద్దో ఒకే వేసవిలో తేలెను.

ఇంచుమించు ఈ కాలముననే, 1879 మార్చిలో, మన గోదావరి మన్యమున రంప పితూరీ లేచెను. అచట ప్రభుత్వము మన్సబుదారుని వెనుక నిలిచి, ముఠాదారుల మొర చెవిని బెట్టలేదు. పితూరీ ముదిరిన తరువాత మన్సబుదారుని తొలగించి ముఠాదారులతోనే నేరుగా ఒప్పందము చేసికొనవలసి వచ్చెను. కలాత్‌లో ముందు చేసిన పనిని రంపలో రక్తము చిందిన పిదప చేసిరి.

సాండెమన్ తన పద్ధతిని పఠానుల సీమకును కొనిపోయెను. 1889లో ఝోబ్ లోయకు పోయి అచటి పెద్దలను దర్బారునకు పిలిచెను. మరుసటి యేట అది ఏజెన్సీ అయి, అపోజై దానికి ముఖ్యస్థానమయ్యెను. గోమలు కనుమ తెరచుటకు మహసూదు మాలికులకు కూడ భత్యములు కల్పించిరి. ఇచటనే అంచనా తప్పెను. బెలూచీ సర్దారు మాట తెగకు శాసనము. మహసూదులలో ప్రతివాడును తనకు తానే సర్దారు; మాలికునకు పేరున్నది గాని పెత్తనము లేదు. సాండెమన్ శిష్యుడు బ్రూసు ఈ పద్ధతినే వజీరిస్థానమున నడుపుచుండగా, 1893లో కెల్లీ యను ఉద్యోగి హత్యకు గురియయ్యెను. మాలికులు మాట నిలుపుకొని హంతకులను పట్టి యిచ్చిరి. అందులకు ప్రతిగా వారిలో కొందరిని సొంత తెగవారే చంపిరి. సర్కారు వారిని నమ్ముకొన్నది. సర్కారును నమ్ముకొన్నవారిని మాత్రము అది కాపాడలేకపోయెను.

బెలూచిస్థానమున అట్టి రక్తపాతము జరుగలేదు. ఆ శాంతి నిజమైనదే. నిన్నటివరకు దోపిడికి వెరచిన బాటసారికి అది చిన్న మేలు కాదు. అయితే పూర్వము సర్దారు తెగ ఆదరమును నిలుపుకొనవలసి యుండెను. జీతము సర్కారు నుండి, పలుకుబడి సర్కారు నుండి వచ్చిన పిమ్మట అతనికి తెగతో పని తగ్గెను. జిర్గాలో పేదవాని పక్షమున మాటాడువాడెవ్వడు? ఈ ప్రశ్నను సాండెమన్ లోతుగా తలపోసినట్లు అతని పనులలో కానరాదు. త్రోవ తెరచి యున్నదా, రక్తము చిందుచున్నదా యనునవియే అతని కొలతలు. 1976లో పాకిస్తాను శాసనము చేసి సర్దారీని రద్దుపరచెను. శాసనము పుస్తకమున నుండగా సర్దారులు గద్దెలపైననే యుండిరి.

1892 జనవరిలో లస్‌బేలా పాలకుడగు జాముకును అతని కుమారునికిని తగవు వచ్చెను. తండ్రి కొడుకుల సంధికొరకు సాండెమన్ అచటికి పోయెను. పోయినచోట జబ్బుపడి, కొలది దినములలోనే, జనవరి 29వ తేదీన కన్నుమూసెను. అప్పటికి అతనికి ఏబదియారేండ్లు. మరుసటి యేట, తన మంత్రిని చంపించినందులకు ఖుదాదాదు ఖానును ప్రభుత్వము గద్దె దింపెను. సాండెమన్‌ను బేలాలోనే సమాధి చేసిరి. ఆ సమాధిపై గుమ్మటము కట్టించినవాడు జాము.