చంపని తుపాకి

చెరువు మీదుగా కొంగ ఎగిరిపోవుచుండగా చూడనివా రుండరు. కాని దాని రెక్క క్రిందికి దిగునపుడు ముందునకు సాగునా, వెనుకకు సాగునా యని అడిగినచో వెంటనే జవాబు చెప్పగలవారు అరుదు. పడవవాడు తెడ్డుతో నీటిని వెనుకకు నెట్టినట్లు పక్షియు రెక్కతో గాలిని వెనుకకు నెట్టుచున్నదని పూర్వము పెద్దలు సైతము తలచిరి. వారిని తప్పు పట్టుటకు వీలులేదు. అంతటి వేగమును మన కన్ను పట్టుకొనజాలదు. ఈ చిక్కును విప్పుటకై ఏండ్ల తరబడి పాటుపడినవాడు ఎటియెన్ జూల్ మారే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు.

మారే 1830వ సంవత్సరము మార్చి 5వ తేదీన ఫ్రాన్సు దేశమందలి బోన్ అను పట్టణమున జన్మించెను. ద్రాక్షసారాయమునకు అది పేరుమోసిన ఊరు. తండ్రియు ఆ వ్యాపారములోనే పనిచేసెడివాడు. బాలునికి చిన్ననాటినుండి చేతిపనులనిన మిక్కిలి ప్రీతి. యంత్రములు నిర్మించు ఇంజనీరు కావలెనని అతని కోరిక. కాని కుమారుడు వైద్యుడు కావలెనని తండ్రి పట్టుబట్టెను. ఆ మాట కాదనలేక మారే 1849లో పారిస్ నగరమునకు పోయి వైద్యవిద్య నభ్యసించెను. అయినను యంత్రములపై మమకారము ఆయనను విడువలేదు. 1860లో మణికట్టు వద్ద నాడి కొట్టుకొనుటను కాగితముపై గీతగా వ్రాయు చిన్న సాధనము నొకదానిని ఆయన నిర్మించెను. ప్రాణుల చలనము తన చరిత్రను తానే వ్రాసికొనవలెను, నడుమ మనుష్యుని కన్ను, ఊహ జోక్యము కలిగించుకొనరాదు. ఇదియే ఆయన పద్ధతి. 1869లో ఆయన కాలేజ్ ద ఫ్రాన్స్ అను ప్రసిద్ధ విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను.

గుఱ్ఱపు డెక్కల క్రింద రబ్బరు బంతులు అమర్చి, అవి నేలకు ఒత్తుకొనినప్పుడెల్ల గీత పడునట్లు చేసి, దాని నడకను మారే కనుగొనెను. పక్షుల వీపుమీద తేలిక సాధనములను కట్టి, రబ్బరు గొట్టములతో యంత్రమునకు కలిపి ఎగురవేసెను. ఈ పరిశోధనలను 1873లో ఒక గ్రంథముగా ప్రకటించెను. కాని వీపున బరువు, వెంట గొట్టము ఉండగా పక్షి తన యిచ్చవచ్చినట్లు ఎగురునా? ఈ సందేహము ఆయనను బాధించుచునే యుండెను.

1878లో అమెరికాయందు మైబ్రిడ్జి అను ఛాయాగ్రాహకుడు వరుసగా కెమేరాలు నిలిపి పరుగెత్తు గుఱ్ఱమును ఫొటోలు తీసెను. వానిని ఒక పత్రికలో చూచిన మారే, పక్షులను కూడ అట్లు తీయించుటకు తోడ్పడవలసినదని ఆ పత్రికా సంపాదకునకు వెంటనే లేఖ వ్రాసెను. 1881లో మైబ్రిడ్జి కొన్ని పక్షుల చిత్రములతో పారిస్‌కు వచ్చెను. అవి మారేకు తృప్తి కలిగింపలేదు. ఒక క్షణమున పక్షులు ఎట్లున్నవో వానిలో కనబడెనే కాని, ఒకే పక్షి రెక్క ఒక స్థితినుండి మరియొక స్థితికి ఎట్లు పోయెనో కనబడలేదు. గుఱ్ఱమైనచో గీచిన బాటవెంట కెమేరాల ముందుగా పరుగెత్తును. పక్షికి బాట గీయగలవా రెవరు? ఇక తానే పూనుకొనక తప్పదని మారే నిశ్చయించుకొనెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది దాటినది. గీతలు వ్రాయు సూదితో ఆరితేరిన ఆయన ఛాయాగ్రహణమున క్రొత్తవాడే.

బాటలేని పక్షిని గురిచూచువాడు వేటగాడు. కెమేరా కూడ తుపాకివలె ఉండవలెనని మారే తలచెను. జాన్సెన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు 1874లో శుక్రగ్రహము సూర్యునికి అడ్డముగా పోవుటను ఫొటో తీయుటకు తిరుగుడు కెమేరా నొకదానిని వాడియుండెను. పక్షి రెక్కకు ఆ వేగము చాలదు. 1882లో ఇటలీలోని నేపుల్స్ నగరమున శీతకాలము గడుపుచు మారే తన తుపాకిని సిద్ధము చేసెను. గొట్టములో గుండ్లకు మారుగా కటకము; వెనుక గుండ్రని పెట్టెలో గడియారపు యంత్రము, గాజుపలక. మీట నొక్కగానే ఆ పలక సెకనుకు 12 మారులు కదలి ఆగును. ఆగినప్పుడెల్ల సెకనులో 720వ వంతు కాలము మాత్రమే దానిపై వెలుగు పడును. అంత తక్కువ వెలుగును సైతము గ్రహింపగల పొడి పలకలు అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చుటచే ఇది సాధ్యమయ్యెను. మొదట తెల్లని గోడవంటి దానిముందు నల్లని బాణము నొకదానిని త్రిప్పి, దానిని తీసి, యంత్రమును పరీక్షించుకొనిన పిదపనే ఆయన పక్షులవైపు తిరిగెను.

సముద్రపు ఒడ్డున తుపాకి భుజమున కానించి, ఎగురు పక్షివెంట గొట్టమును త్రిప్పుచు గురిపెట్టి, ఒక్క పక్షినైనను పడగొట్టక సంతోషముతో ఇంటికి మరలు ఆ పెద్దమనిషిని చూచి ఊరివారు వెఱ్ఱివాడని నవ్వుకొనిరని చెప్పుదురు. ఆయన మాత్రము చంపనట్టి తుపాకి తన వద్ద కలదని తల్లికి ఉత్సాహముతో జాబు వ్రాసెను.

ఒక సముద్రపు కాకి సెకనుకు సరిగా మూడుమారులు రెక్క లాడించుచు ఆయన ముందుగా పోయెను. పన్నెండు బొమ్మలలో నాలుగేసి స్థితులు మరల మరల వచ్చినవి: రెక్క పూర్తిగా లేచుట, దిగనారంభించుట, అడుగునకు చేరుట, మరల లేచుట. ఎన్నడును ఎవరును చూడని దృశ్యమే యిది. అయినను మారే ఇంతతో తనియలేదు. వెలుగుతో నిండిన ఆకసముమీద పక్షి నల్లని నీడవలె చిన్నదిగా పడుచుండెను. ఈకల పొందిక తెలియదు. ఒక రెక్కపాటుకు నాలుగు బొమ్మలు చాలవు. ఎంతో శ్రమపడి చేసిన యంత్రము తన ప్రశ్నకు సగమే జవాబిచ్చినదని గ్రహించి దానిని ప్రక్కన పెట్టుట సామాన్యము కాదు.

అదే సంవత్సరమున పారిస్‌లోని బులోన్యు వనమున ప్రభుత్వ సహాయముతో ఆయన పరిశోధనాలయము వెలసెను. అక్కడ పద్ధతి తలక్రిందులయ్యెను. లోపల నల్లని మఖమలు కప్పిన లోతైన సాల ముందుగా తెల్లని పావురమును ఎగురవేసి, చీలికలు గల చక్రమును కటకమునొద్ద త్రిప్పుచు, కదలని ఒకే పలకపై వరుస బొమ్మలు పడునట్లు చేసెను. నలుపునుండి వెలుగు రాదు గనుక పలక చెడదు. పైనుండి, ప్రక్కనుండి, ఎదుటనుండి తీసిన చిత్రములను సరిపోల్చి 1887లో ఎగురుచున్న సముద్రపు కాకి వరుసరూపములను కంచుతో పోతపోయించెను. రెక్క దిగునపుడు క్రిందికిని ముందునకును పోవుచున్నదని వానివలన రుజువయ్యెను. తెడ్డు పోలిక పనికిరానిదయ్యెను. 1890లో పక్షుల ఉడ్డయనమును గురించిన ఆయన గ్రంథము వెలువడెను.

బొమ్మలు ఒకదానిమీద నొకటి పడుట మానిపించుటకు 1888లో మారే గాజుపలకకు బదులు పొడవైన కాగితపు చుట్టను కెమేరాలో నడపెను. సినిమా యంత్రమునకు దారితీసిన మెట్లలో అది యొకటి. వినోదముపై మాత్రము ఆయనకు ఆసక్తి లేదు; మనము చూచునట్లే చూపునది శాస్త్రమునకు ఏల యని ఆయన భావము.

అమెరికాలో రైటు సోదరుల ఇంటి పుస్తకములలో మారే 1873లో వ్రాసిన గ్రంథము ఆంగ్లానువాదమున ఉండెను. విమానమును గూర్చి ఆలోచన మొదలైన దినములలో వారు దానిని చదివిరి. 1903 డిసెంబరులో వారి విమానము నేలను వీడెను. 1904 మే నెలలో మారే పారిస్ నగరమున కన్నుమూసెను. ఆయనతోపాటు 1830లోనే పుట్టిన మైబ్రిడ్జియు ఆ నెలలోనే మరణించెను.